జాడీకి పరీక్ష

ఆస్పత్రి నేలమాళిగలో నీళ్లు మెడలోతు నిలిచిన వరద వచ్చి పదేళ్లు నిండాయి. పదకొండో ఏడు నడుస్తోంది. ఆ ఆస్పత్రిలో పాతవాళ్లు ఏ లెక్కైనా ఆ వరద నుంచే చెబుతారు. ఫలానా నర్సు వరదకు ముందు చేరింది, ఫలానా లిఫ్టు వరద తరువాత పెట్టారు, అని. చెవి మేస్త్రికి పరీక్ష వచ్చింది ఆ పదకొండో ఏట.

చెవి మేస్త్రి అంటే అక్కడ మిషన్లు బాగుచేసే మనిషి. ఏ మిషను దగ్గరికి వెళ్లినా ముందు స్క్రూడ్రైవరు మొన దాని ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కాసేపు కదలకుండా నిలబడతాడు. లోపల మోటారు ఎలా తిరుగుతోందో, ఏ పళ్లచక్రం అరిగిందో ఆ పుల్ల గుండా వింటాడు. అందుకని ఆ పేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. మాట తక్కువ మనిషి. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని దాచుకుంటాడు అని నర్సులు నవ్వుకునేవాళ్లు.

ఆయన చేతి కింద ఎన్ని మిషన్లున్నా ప్రాణం మాత్రం మందు పంపుల మీద. అదేమీ పెద్ద గారడీ కాదు. మందు సీసా పైన వేలాడుతుంది. దాని గొట్టం పంపు నడుంలోంచి పోతుంది. లోపల పన్నెండు ఉక్కువేళ్లు ఒకదాని తరువాత ఒకటి గొట్టాన్ని నొక్కుతూ మందును రోగి నరంలోకి తోస్తాయి. గంటకు ఎన్ని మిల్లీలీటర్లని పైన అంకె పెడితే అన్నే పోవాలి. ఎక్కువ పోయినా చేటే, తక్కువ పోయినా చేటే.

అవి మొత్తం ముప్పై ఒకటి. ఏడాదికోసారి ఒక్కొక్కదాన్నీ తన బల్ల మీదికి తెచ్చుకునేవాడు. గంటకు వంద అని పెట్టి, అరగంట సేపు నీళ్లు తోలించి, ఆ నీళ్లను గాజు కొలజాడీలో పట్టేవాడు. వంగి, ఒక కన్ను మూసి చూసేవాడు. యాభై గీత మీద నీళ్లు నిలిస్తే పంపు మంచిది. కొత్తగా కొన్నవి మాత్రం ఎప్పుడూ రెండు గీతలు ఎక్కువ చూపించేవి. కంపెనీవాళ్లకు అన్నీ తొందరే అని గొణుక్కునేవాడు. కొత్త కోడెలు కాడి కిందికి వచ్చేదాకా అలాగే ఉరుకుతాయి. వెనక మూత విప్పి, లోపలి మర కొంచెం తిప్పి, దాన్ని యాభైకి దించేవాడు. పక్కన పచ్చచీటీ అంటించి, తేదీ వేసి, సంతకం పెట్టేవాడు. సంతకమంటే రెండక్షరాలు, కింద ఒక గీత. మూడో తరగతిలో బడి మానేసిన చేతికి అదే ఎక్కువ.

ఆ పంపులతో నర్సులకు ఒక వాడుక పడిపోయింది. పది గంటలకు సరిపడా సీసా పెడితే పది గంటలు కాగానే తీయడానికి వెళ్లరు. పాతిక నిమిషాలు ఆగి వెళతారు. కొత్తగా చేరినవాళ్లకు పెద్ద సిస్టరు మొదటి రోజే చెప్పేది, మన పంపులు మన మేస్త్రిలాంటివి, నిదానం ఎక్కువ, పేచీ తక్కువ అని. ఆ మాట మేస్త్రి చెవిన పడింది. పొగడ్తే కదా అని లోలోపల సంతోషపడ్డాడు.

కొలజాడీ సంగతి ఒకటి చెప్పాలి. వరదలో ఆయన పనిగది మొత్తం మునిగింది. నీళ్లు తోడేశాక బురదలో చెయ్యి పెట్టి తడిమితే చెక్కుచెదరని వస్తువు అదొక్కటే దొరికింది. చెక్కుచెదరలేదంటే పూర్తిగా నిజం కాదు. అడుగున వెంట్రుకంత బీట. పారెయ్యడానికి చేతులు రాలేదు. రెండు ట్యూబుల్లో వచ్చే గట్టి జిగురు కలిపి లోపలికి పోసి ఆరబెట్టాడు. అది గాజులాగే గట్టిపడింది, గాజులాగే తేటగా ఉంది. ఆ తరువాత చుక్క కారలేదు. అతుకు ఎక్కడుందో చూపించండి అని వచ్చినవాళ్లకు జాడీ చేతికిచ్చేవాడు. ఎవరూ చూపించలేకపోయారు. ఆయన నవ్వే సందర్భాలు తక్కువ, అందులో అదొకటి.

ఆ ఏడు పైనుంచి కాగితం వచ్చింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రోగుల మిషన్ల మీద చీటీ అంటించి సంతకం పెట్టాలంటే పరీక్ష పాసై సర్టిఫికెట్ తీసుకోవాలి. చదువు తక్కువైన పాతవాళ్లకు రాతపరీక్ష లేదు. నోటితో చెప్పాలి, చేత్తో చేసి చూపాలి. పాస్ కాకపోతే ఉద్యోగానికి ఢోకా లేదు. పని తను చేయవచ్చు, సంతకం మాత్రం ఇంకొకరు పెడతారు.

ఆ ఇంకొకరు ఇంజనీరమ్మ. వచ్చి రెండేళ్లయింది. చదువుకున్న పిల్ల, సర్టిఫికెట్ ఉంది. తీగలు అతికే సోల్డరింగు కర్ర మాత్రం ఆమె చేతికి ఇంకా అలవాటు కాలేదు. పంపులు కొలిచే ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి ఆ నెలలోనే ఆమె పేర వచ్చింది. మేస్త్రి చూసిన పంపుల్ని మళ్లీ కొలిస్తే ఆయన్ను శంకించినట్టవుతుందని ఆమె ఆ అట్టపెట్టె టేపు కూడా కొయ్యలేదు. బీరువా పైన పెట్టేసింది.

చేసింది ఒకరు, చేవ్రాలు ఒకరిది. ఆ మాట మేస్త్రి పైకి అనలేదు. నెలరోజులూ సరిగ్గా అన్నం తినలేదు.

*

చదివి పెట్టింది భార్య. ఆవిడ ఎనిమిది దాకా చదివింది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని వీధిలోవాళ్లకు బట్టలు కుడుతుంది. తెల్లవారి కాఫీలయ్యాక పరీక్ష పుస్తకం కుట్టుమిషను మీద తెరిచి పెట్టుకుని, ఒక చేత్తో కుట్లు విప్పుతూ ప్రశ్నలడిగేది.

వార్డులోంచి మిషను వస్తే ముందు ఏం చేస్తారని అడిగింది. వింటాను అన్నాడు.

"వినడం తరువాత. ముందు మందునీళ్లతో తుడవాలట, చేతులు కడుక్కోవాలట. పుస్తకంలో ఉంది."

"అది చెప్పాలా? ఎవరైనా చేసేదేగా."

"చెప్పాలి. మీరు మనసులో చెప్పుకుంటే వాళ్లు మార్కులు మనసులోనే వేసుకుంటారు."

అలా పదిహేను రోజులు తోమింది. పరీక్ష రోజున ఆయన సంచిలో తన స్క్రూడ్రైవర్లు, పాత తువ్వాలు, దాంట్లో చుట్టిన కొలజాడీ పెట్టుకున్నాడు. సొంత పనిముట్లు తెచ్చుకోవచ్చని కాగితంలోనే ఉంది.

పరీక్ష జరిగింది ఊరికి ఆ చివర, ఒక శిక్షణ బడిలో. పొడుగాటి గది. బల్లకొక మిషను. పరీక్ష పెట్టే ఆవిడకు యాభై దాటి ఉంటాయి. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంది. ఆవిడ బొటనవేలి మీద సోల్డరింగుకు కాలిన మచ్చలు రెండు ఉండటం మేస్త్రి చూశాడు. 

నోటి ప్రశ్నలు గట్టెక్కాయి. ముందు తుడుస్తానండి అన్నప్పుడు భార్య గుర్తొచ్చింది. కఫం లాగే మిషను ఒకటి పాడుచేసి పెట్టారు. స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. లోపలి రబ్బరు పొర చిరిగిందన్నాడు. విప్పితే చిరిగే ఉంది. పదకొండు నిమిషాల్లో మార్చి, బిగించి, తుడిచి పెట్టాడు. ఆవిడ వాచీ చూసుకుని కాగితం మీద ఏదో రాసుకుంది, పెదవి చివర కొంచెం నవ్వు.

ఆఖరుది మందు పంపు. ఇది సరిగ్గా ఉందో లేదో తేల్చండి, లేకపోతే సరిచేయండి అన్నారు. మేస్త్రి తువ్వాలు విప్పి జాడీ తీశాడు. గంటకు వంద పెట్టాడు, అరగంట పట్టాడు. యాభై రెండు. నీళ్లు పారబోసి, జాడీ తుడిచి, మళ్లీ పట్టాడు. యాభై రెండు. ఎప్పుడూ చూసేదే. మూత విప్పి మర తిప్పి, యాభైకి దించి, అయిందన్నట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆవిడ తన పెట్టెకు గొట్టం తగిలించి కొలిచింది. పెట్టె మీద నలభై ఎనిమిది అని పడింది. ఉదయం తను కొలిచిన కాగితం తెచ్చి ముందు పెట్టింది. దాంట్లో సరిగ్గా యాభై.

"పంపు బాగానే ఉంది మేస్త్రిగారూ. బాగున్నదాన్ని మీరు నెమ్మది చేశారు."

"మీ పెట్టె తప్పు చూపిస్తోంది."

ఆవిడ కోపగించుకోలేదు. జాడీ ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. "దీనికి సర్టిఫికెట్ ఉందా?" అని అడిగింది.

"జాడీకా?"

"దేనితోనైనా సరిచూసి ఇచ్చిన కాగితం."

"అది వరదలో మునిగి బతికిందమ్మా. అంతకన్నా కాగితం ఏం కావాలి?"

పక్కబల్ల దగ్గరివాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పని మీ చేతుల్లో ఉంది, కొలత ఒక్కటి చూసుకుని ఆరు నెలల్లో మళ్లీ రండి అని నిదానంగా చెప్పింది. మేస్త్రి చెవిలో ఆరు నెలలన్న మాటే పడింది. మిగతాది పడలేదు. జాడీని తువ్వాల్లో చుట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగాడు.

*

మర్నాడు ఆస్పత్రంతా అదే మాట. ఎప్పుడూ నోరు విప్పని మనిషి ఒక్క మాట విప్పాడు, జాడీకి సర్టిఫికెట్ అడిగారని. అది చాలింది. మధ్యాహ్నానికి బట్టలుతికే గది దాకా పాకింది. వంటాయన గరిటెకు కూడా డిగ్రీ చేయించాలేమో అని అడిగాడు. ఇంకొకరు చీపురుకు హాల్ టికెట్ వచ్చిందా అన్నారు. నవ్వు వెనక కోపం ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఏ అర్ధరాత్రి పిలిచినా పలికిన మనిషిని ఒక పెట్టె చూపించిన అంకెకు తప్పిస్తారా అని.

పెద్ద సిస్టరు నవ్వి ఊరుకునే రకం కాదు. మనిషి భారీ, అడుగు భారీ. తెల్లకాగితం తెచ్చి తనే అర్జీ రాసింది. ఈ చేతుల మీదే మా వార్డులు నడిచాయని రాసింది. నర్సులు, వార్డు బాయిలు, ఎక్స్‌రే ఆయన, వంటాయన అందరూ సంతకాలు పెట్టారు. ఇంజనీరమ్మ కూడా పెట్టింది. అందరికన్నా పైన, పెద్ద అక్షరాలతో.

అర్జీ తీసుకుని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లింది కూడా సిస్టరే. పాతికేళ్లు దాటిన అనుభవం ఉంటే ఆస్పత్రి పెద్ద తన పూచీ మీద మినహాయింపు ఇవ్వొచ్చని పైనుంచి వచ్చిన ఆ కాగితంలోనే ఒక మూల ఉందట. పెద్ద డాక్టరు ఒప్పుకున్నాడు. రేపు పదింటికి మేస్త్రిని వచ్చి సంతకం చేయమన్నాడు. ఇక చీటీ ఎప్పటిలాగే ఆయనదే.

సిస్టరు ఆ మాట చెప్పినప్పుడు మేస్త్రి బల్ల మీద జాడీ తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు. ఎత్తితే కళ్లు కనపడతాయని.

"మీకు కాకపోతే ఎవరికిస్తారు మేస్త్రీ," అంది సిస్టరు. "మీ పంపుల నిదానం మాకు అలవాటైపోయింది. రేపు ఎవరో వచ్చి వాటికి పరుగు నేర్పితే మా కాళ్లు అందుకోవద్దూ?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

*

సాయంత్రం పొద్దుండగానే ఇంటికి వచ్చాడు. జాడీ సంచిలోనే ఉంది. పరీక్ష రోజు నుంచి దాన్ని విడిచిపెట్టలేదు. భార్య గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని ఉంది. వళ్లో కొలత టేపు, పక్కన అడుగు పొడుగు ఇనుప స్కేలు.

మినహాయింపు సంగతి చెప్పాడు. ఆవిడ ముఖం విప్పారింది. ఆ ఊపులో జాడీకి సర్టిఫికెట్ అడిగిన ముచ్చట మళ్లీ చెప్పాడు. వంటాయన గరిటె సంగతీ కలిపాడు. ఒకే రోజు ఒకే కథ రెండుసార్లు చెప్పడం ఆయన జీవితంలో లేదు.

ఆవిడ నవ్వుతూనే టేపును స్కేలు మీద పరిచి, బొటనవేలితో నొక్కి, కొస చూసింది. పెదవి విరిచింది. కత్తెర తీసి టేపును నడిమికి కోసేసింది.

"బాగున్నదాన్ని కోశావేం?"

"ఎక్కడ బాగుంది, సాగింది. అడుగుకు పావు అంగుళం. మొన్న ఎదురింటావిడ కొలతలు రాసిచ్చి కుట్టించుకున్న గౌను నడుం దగ్గర వదులైందంటే నేనే ఆవిణ్ని చిక్కావమ్మా అన్నాను. తప్పు ఈ టేపుది." ఆవిడ ముక్కలు చుట్టి కిటికీలో పెట్టింది. "గుడ్డ టేపు కదా, ఆర్నెల్లకోసారి ఇనుముతో చూసుకోకపోతే మోసం చేస్తుంది." తరువాత, సూదిలో దారం ఎక్కిస్తూ, మామూలుగా అడిగింది. "మీ జాడీని మీరు దేనితో చూసుకుంటారు?"

 గాజు సాగుతుందా అని మేస్త్రి విసుక్కున్నాడు. విసుక్కుని లోపలికి వెళ్లాడు. కాళ్లు కడుక్కున్నాడు. మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

కుట్టుమిషనుకు నూనె వేసుకోవడానికి ఆవిడ దగ్గర పది మిల్లీలీటర్ల సిరంజి ఒకటి ఉంది. దాన్ని తీసుకుని సబ్బుతో మూడుసార్లు కడిగాడు. గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. జాడీని గుమ్మం రాయి మీద, వంపు లేని చోట నిలబెట్టాడు. సిరంజి పది గీత దాకా లాగి, గాలి బుడగ తట్టి తీసేసి, జాడీలోకి వదిలాడు. రెండు. మూడు. నాలుగు. ఐదు. వంగి, ఒక కన్ను మూసి చూశాడు.

యాభై రెండు.

పారబోసి మళ్లీ చేశాడు. మూడోసారి ఆవిణ్ని లెక్కపెట్టమన్నాడు. ఆవిడ పైకి లెక్కపెట్టింది. యాభై రెండే.

సన్నటి స్క్రూడ్రైవరు తీసి జాడీలోకి దించాడు. మొన ఠక్కున ఆగింది. ఆ లోతును బొటనవేలితో గుర్తు పట్టుకుని, బయట జాడీ పక్కన పెట్టి చూశాడు. మొన గుమ్మం రాయికి చాలా ఎత్తులో ఉంది. గాజు అడుగును తీసేసినా ఇంకా అర వేలి మందం మిగిలింది. ఎవరికీ కనపడలేదని తను మురిసిపోయిన అతుకు అది. నీళ్లు ఉండవలసిన చోట పదేళ్లుగా అది కూర్చుని ఉంది. గురివింద గింజతో బంగారం తూచినా దాని కింది నలుపు దానికి తెలియదంటారు.

"నూటికి ఎంత పడుతుంది?" అని అడిగాడు.

"నాలుగు. నూరు వెళ్లాల్సిన చోట తొంభై ఆరు," అంది ఆవిడ.

ఆయన గుమ్మం మీద కూర్చుండిపోయాడు. "పాతిక నిమిషాలు," అన్నాడు.

"ఏంటది?"

చెప్పాడు. సీసాలు, సిస్టరు, నిదానం, అన్నీ. పిల్లల వార్డులో ఆరు పంపులున్నాయని కూడా చెప్పాడు. ఆవిడ సూది గుచ్చిన గుడ్డ వళ్లో అలాగే ఉండిపోయింది.

"రేపు పదింటికి సంతకం అన్నారు," అంది.

"అన్నారు."

 సిరంజి తుడిచి నూనెడబ్బా పక్కన పెట్టాడు.

*

మర్నాడు పొద్దున్న ఏడింటికే ఆస్పత్రికి వెళ్లాడు. ఇంజనీరమ్మ వచ్చేదాకా ఆమె గది ముందు నిలబడ్డాడు. ఆమె తాళం తీస్తుంటే బీరువా పైన ఉన్న అట్టపెట్టె చూపించి, "అది విప్పమ్మా," అన్నాడు.

ఖాళీ మంచం దగ్గరి పంపు ఒకటి తెచ్చి పెట్టె తగిలించారు. నలభై ఎనిమిది. ఇంజనీరమ్మ ముఖం ఎర్రబడింది. గొట్టం ఊడదీసి మళ్లీ తగిలించింది. పుస్తకంలో పేజీలు తిప్పింది. "కొత్త పెట్టె కదండీ, నాకింకా అలవాటు కాలేదు. నేనే ఎక్కడో తప్పు చేసుంటాను," అంది.

తన కోసం ఆడిన ఆ అబద్ధం వింటూనే మేస్త్రి ఆ పుస్తకం మూసేశాడు.

"పెట్టె సరిగ్గానే ఉంది. జాడీ తప్పు. మొన్న పరీక్షలో ఆవిడ చెప్పింది, నేనే వినలేదు."

స్పిరిట్‌లో దూది ముంచి ఆ పంపు మీది పచ్చచీటీని తడిపాడు. అంచు గోటితో లేపాడు. రెండక్షరాలు, కింద గీత, మెల్లగా ఊడివచ్చాయి. వెనక మూత విప్పి మర తిప్పాడు. పెట్టె యాభై అని చూపించేదాకా తిప్పాడు. నీ చీటీ అంటించమ్మా అన్నాడు. ఆమె సంతకం పెట్టింది. చీటీ వంకర పోకుండా ఒక అంచు ఆయన పట్టుకున్నాడు.

పదింటికి ఇద్దరూ పెద్ద డాక్టరు గదికి వెళ్లారు. మినహాయింపు కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. మేస్త్రి దాన్ని ముట్టుకోలేదు. జరిగింది చెప్పాడు. పెద్ద డాక్టరు ఆ కాగితం తీసి సొరుగులో పెట్టేశాడు. పదేళ్ల రోగుల్లో ఎవరికేమయిందో ఇప్పుడు ఎవరం చెప్పలేమన్నాడు. తిట్టలేదు. తిడితే తేలికగా ఉండేది. జరిగినదంతా రాసి ఇమ్మన్నాడు. మేస్త్రి చెబుతుంటే ఇంజనీరమ్మ రాసింది. కింద ఆయన సంతకం పెట్టాడు. ఆరు నెలల తరువాతి పరీక్షకు దరఖాస్తు కూడా అక్కడే అడిగి తీసుకున్నాడు.

వార్డులో పెద్ద సిస్టరు ఎదురుపడి, సంతకం అయిందా అంది. ఆయన ఆమెను పొద్దున్న పంపు తెచ్చిన మూడో మంచం దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఈ పంపు సరిచేశాం. ఇవాళ దీనికి పెట్టే సీసా సరిగ్గా పది గంటల్లోనే అయిపోతుంది. పాతిక నిమిషాలు ఆగకండి."

ఎందుకో చెప్పాడు. ఆమె పంపు వంక చూసింది, కొత్త చీటీ వంక చూసింది. చేతిలో ఆడిస్తున్న తాళాల గుత్తి గలగలలాడటం మానేసింది.

"వచ్చిన ప్రతి పిల్లకీ నేనే చెప్పాను, ఆగి వెళ్లమని," అంది. "ఎందుకు ఆగాలో ఒక్కసారీ అడగలేదు."

వెళ్లి వార్డు పలక మీద సుద్దతో రాసింది, సీసాలు టైముకే తీయవలెను అని. రాసిన దాని కింద రెండుసార్లు గీత గీసింది.

మేస్త్రి తన గదికి వచ్చాడు. జేబులో పచ్చచీటీ ఒక్కటి మిగిలింది. పంపుల మీద అంటించే వీలు ఇక తనకు లేదు. తువ్వాలు విప్పి జాడీని బల్ల మీద నిలబెట్టాడు. చీటీ మీద ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, రెండు ఎక్కువ చూపును అని రాశాడు. తేదీ వేశాడు. సంతకం పెట్టి, జాడీకి అంటించి, అంచులు ఊడకుండా బొటనవేలితో గట్టిగా నొక్కాడు. తరువాత తోపుడుబండి తీసుకుని రెండో పంపు తేవడానికి వెళ్లాడు.